రెన్‌స్టైగా, వెస్ట్‌వేగా?

మోకాళ్లకు టెన్షన్ లేకుండా జర్మనీ అడవుల్లో నడవాలంటే నా ఓటు తురింగియాలోని రెన్‌స్టైగ్‌కే. సుమారు 170 కిలోమీటర్ల దారి. ఎక్కువగా కొండల వెన్ను మీదుగానే సాగుతుంది కాబట్టి ఎక్కి దిగే బాధ తక్కువ. చెట్ల మీద తెల్లటి ‘ఆర్’ గుర్తు చూసుకుంటూ పోవడమే. దారి మొదలయ్యే హోర్షెల్‌లో వెర్రా నది ఒడ్డున ఒక గులకరాయి ఏరి జేబులో వేసుకుంటారు, చివర్లో బ్లాంకెన్‌స్టైన్ చేరాక అక్కడి నీళ్లలో వదులుతారు. ఎదురైనవాళ్లు ‘గూట్ రున్‌స్ట్’ అని పలకరిస్తుంటే ప్రాణం లేచొస్తుంది.

బ్లాక్ ఫారెస్ట్‌లోని వెస్ట్‌వేగ్ అందంలో ఏమీ తీసిపోదు. కానీ సుమారు 285 కిలోమీటర్లు, పైగా లోయల్లోకి దిగి మళ్లీ ఎక్కాలి, 1,493 మీటర్ల ఫెల్డ్‌బెర్గ్ శిఖరం సరేసరి. అమ్మానాన్నలు వెంట ఉంటే ఆ దారిలోని ముమ్మెల్‌జే సరస్సు చుట్టూ ఒక రౌండ్ వేయించండి, చాలు.