అనంతపురంలో అమ్ముతున్న ‘ఆసియా పార్టీలు’ నోట్సు: లకాస్ అధ్యాయం ఎంతవరకు నమ్మొచ్చు?

ఎం.ఏ. రాజనీతి శాస్త్రం, నెట్ పరీక్షలకు చదివేవాళ్ల కోసం అనంతపురం టవర్ క్లాక్ దగ్గరి జిరాక్స్ షాపుల్లో పెట్టిన స్పైరల్ నోట్సు ఇది. ఇందులో ఫిలిప్పీన్స్ లకాస్ పార్టీకి పద్నాలుగు పేజీలిచ్చారు. ఆ పార్టీ గురించి తెలుగులో ఇంత వివరం అరుదు కాబట్టి, తప్పులు దిద్దుకొనైనా కొనండి.

పుట్టుక బాగా రాశారు. 1991 నవంబరులో ఎల్‌డీపీ అనే పెద్ద పార్టీ 1992 దేశాధ్యక్ష ఎన్నికకు తన అభ్యర్థిగా రమోన్ మిత్రాను ఎంచుకుంది. ఆ ఎంపికలో ఓడిన ఫిదెల్ రామోస్ బయటికొచ్చి లకాస్ అనే సొంత పార్టీ పెట్టుకున్నారు. అప్పటి దేశాధ్యక్షురాలు కోరి అక్వినో మద్దతు కూడా ఆయనకే దక్కింది. లకాస్ అంటే బలం. 1986లో నియంత మార్కోస్‌ను దించిన జనశక్తిని గుర్తుచేసే పేరు.

చిక్కంతా 1992 ఎన్నికతో మొదలవుతుంది. నోట్సులో ‘ఘన విజయం’ అని ఉంది, కొట్టేయండి. ఏడుగురు పోటీపడితే రామోస్‌కు వచ్చింది దాదాపు 23.6 శాతం ఓట్లే. రెండో విడత పోలింగు లేదు కనుక అవే సరిపోయాయి. ఇంకో ముఖ్యమైన సంగతి పూర్తిగా వదిలేశారు: అక్కడ ఉపాధ్యక్షుడికి వేరుగా ఓటేస్తారు. అందుకే 1992లో రామోస్ పక్కన ఎదుటి పక్షం జోసెఫ్ ఎస్ట్రాడా ఉపాధ్యక్షుడయ్యారు. 1998లో లకాస్ అధ్యక్ష అభ్యర్థి హోసే దె వెనేసియా ఎస్ట్రాడా చేతిలో ఓడినా, జోడీగా నిలబడ్డ గ్లోరియా అరోయో ఉపాధ్యక్షురాలిగా గెలిచారు. 2001 జనవరిలో ఎస్ట్రాడా దిగిపోగానే పీఠం ఆమెకొచ్చింది. ఈ ముడి విప్పకపోతే తర్వాతి అయిదు పేజీలు ఎన్నిసార్లు చదివినా తలకెక్కవు.

తొమ్మిదో పేజీలోని పేర్ల చార్టుకు పెన్సిల్ కావాలి. 1998 దగ్గర అరోయో సొంత పార్టీ కాంపి నుంచి లకాస్‌కు ‘విలీనం’ అని బాణం గీశారు. అది పొత్తు మాత్రమే, విలీనం 2009లో. దాన్ని రామోస్, దె వెనేసియా ఇద్దరూ వ్యతిరేకించారు. సరైన వరుస ఇది: లకాస్, క్రైస్తవ డెమోక్రాట్ల ఎన్‌యూసీడీ, ముస్లిం డెమోక్రాట్ల యూఎండీపీ కలిసిన పొడుగు పేరు, ఆ తర్వాత లకాస్-సీఎండీ, 2009లో లకాస్-కాంపి-సీఎండీ, 2012లో మళ్లీ లకాస్-సీఎండీ. సీఎండీ అంటే క్రిస్టియన్ ముస్లిం డెమోక్రాట్స్, అందులోని ‘ఎం’ ముస్లిం. నోట్సు విడమరిచిన చోట ఆ మాటే ఎగిరిపోయింది. ముస్లిం డెమోక్రాట్లు ఈ పార్టీలో ఎందుకున్నారన్నది పరీక్షలో అడగదగ్గ ప్రశ్న, దానికి జవాబు ఆ ఒక్క అక్షరంలోనే ఉంది.

అన్నిటికంటే మంచి పేజీ గోడ దూకుళ్ల మీద రాసింది. పార్టీ మారేవాళ్లను అక్కడ ‘బాలింబింగ్’ అంటారు. అంటే స్టార్ ఫ్రూట్, ఎటు తిప్పినా ఒక ముఖం కనబడే కాయ. మనకు 1985 నుంచి రాజ్యాంగంలో ఫిరాయింపులను అడ్డుకునే పదో షెడ్యూలు ఉంది, వాళ్లకు అలాంటి అడ్డు లేదు. అందుకే 2010 అధ్యక్ష ఎన్నికలో లకాస్ అభ్యర్థి గిల్బర్టో తెయొదోరో నాలుగో స్థానంలో నిలవగానే లకాస్ సభ్యులు గెలిచినవాళ్ల పంచన చేరారు.

2010 తర్వాతి భాగం రెండు పేజీల్లో చుట్టేశారు. మాజీ అధ్యక్షుడు రొడ్రిగో డుటెర్టే కూతురు సారా డుటెర్టే ఇంకా పార్టీలోనే ఉన్నట్టు రాశారు. ఆమె 2021 నవంబరులో చేరి, 2022లో ఉపాధ్యక్షురాలై, 2023 మేలో వెళ్లిపోయారు.

కొనేముందు తొమ్మిదో పేజీ తిప్పి చూసుకోండి. స్పైరల్ రంధ్రాలు ఎడమ అంచులోని సంవత్సరాల మీద పడ్డ కాపీలున్నాయి. ఆ ఒక్క పేజీ మళ్లీ తీయించి, అంచు వదిలి రంధ్రాలు వేయమనండి.