పైతాన్ డెసిమల్: జీడిపప్పు బిల్లుల దగ్గర ఆరేళ్లు వాడాక

పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారికి పైతాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో బిల్లుల ప్రోగ్రామ్ రాసిచ్చి ఆరేళ్లయింది. మొదట్లో డబ్బులన్నీ ఫ్లోట్‌లోనే, అంటే కంప్యూటరు దశాంశాలను చాలావరకు సుమారుగా దాచే మామూలు పద్ధతిలోనే పెట్టాను. 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుందని తెలుసు గానీ, ఆ చివరి 4 మన బిల్లు దాకా ఎందుకొస్తుందిలే అనుకున్నాను. నెలాఖరుకి పైసల్లో లెక్క తేలలేదు. వాళ్ల గుమాస్తా గారు చేత్తో వేసిన చిట్టా ముందు పెట్టి, "నీ కంప్యూటరు పైసలు తినీసిందేటి బాబూ?" అన్నారు. ఆ రాత్రే, మనం చేత్తో వేసినట్టు పదుల లెక్కలోనే అంకెలు దాచే పైతాన్ డెసిమల్‌కి మారాను.

మారిన వారంలోనే రెండు దెబ్బలు తగిలాయి. డెసిమల్‌కి 0.1ని నేరుగా ఇస్తే, అది ముందే ఫ్లోట్ అయిపోయి 0.10000000000000000555 అంటూ పెద్ద తోక. కొటేషన్లలో '0.1' అని ఇవ్వాలి. ఒకసారి ఫ్లోట్‌లో పడిన అంకెను డెసిమల్ బాగుచేయదు, ఉన్న తేడాను ఉన్నట్టు చూపిస్తుంది, అంతే. కాటా నుంచి బరువు స్ట్రింగ్‌గానే, అంటే అక్షరాల రూపంలోనే వస్తోంది, నేనే అలవాటు కొద్దీ మధ్యలో ఫ్లోట్ చేస్తున్నాను!

రెండోది ఇంకా చిత్రం. 12.250 కిలోలు, కిలో 810.50. గుణిస్తే సరిగ్గా 9928.625. చిట్టాలో 9928.63, నా బిల్లులో 9928.62. గంటసేపు బుర్ర గోక్కున్నాక అర్థమైంది. సరిగ్గా సగం దగ్గర డెసిమల్ సరి అంకె (ఇక్కడ 2) వైపు వెళ్తుంది, గుమాస్తా గారు బళ్లో నేర్చుకున్నట్టు పైకి వేస్తారు. అంకెను పైసల దాకా కుదించే క్వాంటైజ్‌లో, సగాన్ని పైకి వేసే రౌండ్_హాఫ్_అప్ పెట్టాక గొడవ తీరింది. ఈ లెక్క ఫ్లోట్‌లో వేసినా .62యే వచ్చేది, ఈ బరువూ ధరా రెండూ కంప్యూటరు వాడే 0, 1ల లెక్కలో (బైనరీలో) కచ్చితంగా ఇముడుతాయి. నేను ఫ్లోట్‌ని తిట్టినదాంట్లో సగం అన్యాయమే.

డెసిమల్ నెమ్మదిగా ఉంటుందని భయపెడతారు. 2012లో వచ్చిన పైతాన్ 3.3 నుంచి ఇది వేగంగా నడిచే సీ భాషలో రాసిందే, మా బిల్లులకు తేడాయే తెలియలేదు. చిరాకంతా డెసిమల్‌ని బయటికి పంపేటప్పుడూ, దాచేటప్పుడూనే. పైతాన్‌లో వేరే ప్రోగ్రాములకు డేటా పంపే జేసన్ డెసిమల్‌ని నేరుగా రాయదు, డేటా దాచే ఎస్‌క్యూలైట్ నేరుగా తీసుకోదు. అందుకే నేను పైసల్లోకి మార్చి పూర్ణాంకంగా దాస్తాను.

డెసిమల్ లెక్కకు ఎన్ని అంకెలు కావాలంటే అన్ని పెట్టుకోవచ్చు, చెప్పకపోతే 28. ఎన్ని పెట్టినా మూడో వంతు తెగదు. ఈ వ్యాపారంలో వాటాదారులు ముగ్గురు అన్నదమ్ములు. వంద రూపాయలకు తలా 33.33 పోను ఒక పైసా మిగులుతుంది. ఎవరికి వేయమంటారని అడిగితే, "పెద్దాయన ఖాతాలో రాసీ బాబూ" అన్నారు గుమాస్తా గారు. ప్రోగ్రామ్‌లో ఆ లైను ఇప్పటికీ అలాగే ఉంది.