పోస్ట్‌గ్రెస్ రీస్టోర్ నత్తనడక నడుస్తుంటే: ఏ బ్యాకప్ మేలు?

గంటలు గడిచినా పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ రీస్టోర్ (బ్యాకప్ నుంచి డేటాని తిరిగి ఎక్కించడం) పూర్తి కాకపోతే అందరూ ముందు సర్వర్‌నే తిడతారు. చాలాసార్లు అసలు కారణం బ్యాకప్ తీసినప్పుడు ఎంచుకున్న ఫార్మాట్.

బ్యాకప్ తీసే పీజీ డంప్ టూల్‌కి ఫార్మాట్ చెప్పకపోతే మామూలు ఎస్‌క్యూఎల్ ఫైల్ ఇస్తుంది. తెరిచి చదవొచ్చు, కావాలంటే మార్చుకోవచ్చు. చిన్న డేటాబేస్‌కి ఇదే హాయి. కాకపోతే ఆ ఫైల్ ఒకే కనెక్షన్ మీద పై నుంచి కిందికి వరసగా నడుస్తుంది. 16 కోర్ల సర్వర్ ఉన్నా డేటా లోడింగ్‌లో వాటిలో చాలావరకు ఖాళీగా కూర్చుంటాయి. డంప్‌ని ఇన్సర్ట్ స్టేట్‌మెంట్లుగా తీసి ఉంటే ఇంకా ఘోరం. వరుసలన్నీ ఒకేసారి ఎక్కించే కాపీ కమాండ్‌తో పోలిస్తే అది చాలా నెమ్మది.

డైరెక్టరీ ఫార్మాట్‌లో (ఒకే ఫైల్ కాకుండా, టేబుల్‌కో ఫైల్ ఉన్న ఫోల్డర్‌గా) తీస్తే డంప్‌నీ రీస్టోర్‌నీ కూడా సమాంతరంగా నడపొచ్చు. ఆ డంప్‌ని తిరిగి ఎక్కించే పీజీ రీస్టోర్ టూల్‌కి 8 జాబ్స్ (ఒకేసారి నడిచే పనులు) ఇస్తే ఒక్కో జాబ్ ఒక్కో టేబుల్‌నో, ఇండెక్స్‌నో (వెతకడాన్ని వేగం చేసే సూచిక) పట్టుకుంటుంది. ఒక చిక్కుంది. డేటాలో సింహభాగం ఒకే టేబుల్‌లో ఉంటే దాన్ని ఒక్క జాబే నింపాలి, మిగతావి ఎదురుచూడాల్సిందే. పైగా ఇలా సమాంతరంగా నడిపితే మొత్తం రీస్టోర్‌ని ఒకే ట్రాన్సాక్షన్‌గా (అంతా ఎక్కాలి, లేదా ఏదీ ఎక్కకూడదు అన్నట్టు) నడపడం కుదరదు.

రీస్టోర్ నడుస్తుండగా, సర్వర్ ఇప్పుడేం చేస్తోందో చూపే పీజీ స్టాట్ యాక్టివిటీ చూడండి. ఎక్కువసేపు క్రియేట్ ఇండెక్స్ దగ్గరే ఆగి ఉంటే ఇండెక్స్ కట్టడానికి ఎంత మెమరీ వాడాలో చెప్పే మెయింటెనెన్స్ వర్క్ మెమ్ సెట్టింగ్ పెంచాలి. డిఫాల్ట్ 64 ఎంబీ మాత్రమే. అయితే 2 జీబీ ఇచ్చి 8 జాబ్స్ నడిపితే ర్యామ్‌లో 16 జీబీ దాకా పోవచ్చు, ఆ లెక్క ముందే వేసుకోండి. చెక్‌పాయింట్లు (మెమరీలోని మార్పుల్ని డిస్క్ మీది ఫైళ్లలోకి రాయడం) మరీ తరచుగా వస్తున్నాయని లాగ్‌లో హెచ్చరిక కనిపిస్తే, డిఫాల్ట్‌గా 1 జీబీ ఉండే మ్యాక్స్ వాల్ సైజ్‌ని (మార్పుల లాగ్ సైజు పరిమితి) పెంచండి. రాసిన డేటా డిస్క్‌కి చేరిందని ఖాయం చేసుకునే ఎఫ్‌సింక్‌ని ఆపేయమనే సలహా మాత్రం వినకండి. మధ్యలో కరెంటు పోతే ఆ సర్వర్‌లోని డేటాబేస్‌లన్నీ పాడవ్వొచ్చు.

ఇక పీజీ బేస్‌బ్యాకప్ అనే మరో టూల్ డేటాబేస్ ఫైళ్లనే ఉన్నవి ఉన్నట్టు కాపీ చేస్తుంది. ఇండెక్సులు మళ్లీ కట్టే పనే లేదు. డిస్క్, నెట్‌వర్క్ ఎంత వేగమో రీస్టోర్ దాదాపు అంత వేగం. కానీ మేజర్ వెర్షన్ అదే ఉండాలి, క్లస్టర్ (ఆ సర్వర్‌లోని డేటాబేస్‌లన్నీ) మొత్తం తీసుకోవాలి. ఒక్క టేబుల్ కావాలంటే దొరకదు.

నన్నడిగితే వందల జీబీల డేటాబేస్ క్రాష్ అయితే తొందరగా లేపడానికి బేస్‌బ్యాకపే దిక్కు. వెర్షన్ మార్చాలన్నా, ఒకటి రెండు టేబుళ్లే కావాలన్నా డైరెక్టరీ ఫార్మాట్. రెండూ ఉంచుకోగలిగితే టెన్షన్ ఉండదు.

డంప్ నుంచి రీస్టోర్ చేశాక క్వెరీలు స్లోగా ఉంటే మళ్లీ మొదటి నుంచి రీస్టోర్ చేయకండి. క్వెరీని ఎలా నడపాలో నిర్ణయించే ప్లానర్‌కి కావాల్సిన స్టాటిస్టిక్స్ (టేబుళ్లలో డేటా ఎలా ఉందనే లెక్కలు) మామూలుగా డంప్‌తో రావు. ముందు ఆ లెక్కల్ని కొత్తగా తీసే అనలైజ్ కమాండ్ నడిపి, ఆ తర్వాత అదే క్వెరీని మళ్లీ చూడండి.