బొగోటాలో రాత్రిపూట: రోడ్డు మీద టాక్సీయా, యాప్ కారా?

కొలంబియా రాజధాని బొగోటాలో పసుపు టాక్సీలకు కొదవ లేదు. మీటర్ మీదే నడుస్తాయి. ఎల్ డొరాడో విమానాశ్రయంలో అధికారిక క్యూలో నిలబడి ఎక్కితే పెద్దగా ఇబ్బంది ఉండదు. చిక్కల్లా రాత్రిపూట రోడ్డు మీద చెయ్యెత్తి ఆపడంతోనే. ‘పసేయో మియోనారియో’ అని అక్కడ పేరుమోసిన మోసం ఒకటుంది, నిజానికి దోపిడీయే. కొంతదూరం పోయాక టాక్సీ ఆగుతుంది. డ్రైవర్ తాలూకు మనుషులు ఎక్కి, ఆయుధం చూపించి, ఏటీఎంల చుట్టూ తిప్పి డబ్బు తీయిస్తారు. రోజువారీ పరిమితి అయిపోతే అర్ధరాత్రి దాటేదాకా వదలని వాళ్లూ ఉన్నారు.

యాప్ కారైతే డ్రైవర్ పేరు, బండి నంబరు, వెళ్లే దారి నమోదవుతాయి. ఛార్జీ కూడా ముందే తెలుస్తుంది. కాకపోతే ఊబర్‌కు అక్కడ చట్టంతో పేచీ ఉంది: 2020 ఫిబ్రవరిలో ఆగిపోయి, అదే నెలలో పద్ధతి మార్చుకుని తిరిగొచ్చింది. అందుకే డ్రైవర్ ముందు సీట్లో కూర్చోమంటే కంగారు పడొద్దు, పోలీసుల కంట పడకూడదని అలా అడుగుతారు. యాప్‌లో చూపించినదానికి నంబరు ప్లేటు తేడాగా ఉంటే మాత్రం ఎక్కనే వద్దు.

నా ఓటు యాప్‌కే. కానీ ఫోన్ చేత పట్టుకుని ఫుట్‌పాత్ మీద ఎదురుచూడకండి, లాక్కుపోతారు. కారు వచ్చేదాకా లోపలే ఉండండి. ఫోన్‌లో చార్జింగ్ లేకపోతే హోటల్ వాళ్లనే టాక్సీ పిలిపించమనండి.