టీడీఆర్‌తో నాలుగేళ్లు: మిల్లులో తవ్విన గుంట

నాది సీసీ కెమెరాల పని. ఈ చేతి టీడీఆర్ (కేబుల్‌లోకి పల్స్ పంపి, అది తిరిగొచ్చే సమయాన్ని బట్టి ఫాల్టు ఎంత దూరంలో ఉందో చెప్పే మిషన్) కొని నాలుగేళ్లు దాటింది. బటన్ల మీద గుర్తులు చెరిగిపోయాయి, బ్యాటరీ మూత రబ్బరు బ్యాండుతో ఆగుతోంది. అయినా అమ్మను. ఎందుకంటే ఇది గీత చూపిస్తుంది. వైరు తెగితే గీత పైకి లేస్తుంది, షార్టయితే కిందికి పడుతుంది, నీళ్లు పట్టిన చోట కొంచెం కుంగి మెల్లగా తేరుకుంటుంది. ఇంతకుముందు నా దగ్గర ఉన్న, అంకె మాత్రమే చూపే చిన్నదానికి ఈ మూడోది ఎప్పుడూ దొరికేది కాదు.

మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లు. కాంటా దగ్గరి కెమెరాలో బొమ్మ వచ్చిపోతోంది. కేబుల్‌ని పైపు కూడా లేకుండా మట్టిలో పూడ్చారు (వేసింది నేను కాదు). రెండు కొసలూ ఊడదీసి ఆఫీసు వైపు నుంచి చూస్తే 62 మీటర్ల దగ్గర గీత కుంగింది. టేపు పట్టి కొలిచి, మనిషిని పెట్టి తవ్వించాను. కేబుల్ నిగనిగలాడుతోంది. అటూ ఇటూ ఇంకో రెండడుగులు తవ్వినా అంతే. సేటు వచ్చి, "ఏంది తమ్మీ, మిల్లంత తవ్వుతవా?" అన్నాడు.

గుంటలో కూర్చుని కేబుల్ మీది మట్టి తుడిస్తే తెల్లగా మీటర్ల ముద్ర కనిపించింది: 80. ఆఫీసు కొసన 18 ఉంది. అంటే నేను తవ్వింది సరిగ్గా 62 దగ్గరే, ఆ 62 అనే లెక్కే తప్పు. కాంటా కొసన చూస్తే 158. మొత్తం 140 మీటర్లు. తెరమీద మాత్రం కేబుల్ చివర 113 దగ్గరే లేచి ఉంది, పొద్దున్నుంచీ నా కళ్లముందే! అంతకుముందు పనిలో గట్టి ఇన్సులేషన్ కేబుల్‌కి పెట్టిన 0.66 వేగం (కాంతి వేగంలో 0.66 వంతు, మిషన్ దూరం లెక్కకట్టేది దీంతోనే) అలాగే ఉండిపోయింది. ఇదేమో ఫోమ్ ఇన్సులేషన్ కేబుల్, ఇందులో సిగ్నల్ ఇంకా వేగంగా పోతుంది. చివర 140కి వచ్చేదాకా పెంచుకుంటూ పోతే 0.82 దగ్గర కుదిరింది, కుంగిన చోటు 77కి జరిగింది. అంటే ముద్ర 95. అక్కడ తవ్వితే పందికొక్కు కొరికిన తొడుగు, లోపల రాగి జాలీ పచ్చగా చిలుము పట్టి ఉంది.

కాబట్టి "అడుగుతో సహా చెబుతుంది" అని మొదట్లో అందరికీ చెప్పిన మాట కాస్త తగ్గించుకుంటున్నాను. ఇంకో లోటు, నా మిషన్‌కి దగ్గరి మొదటి రెండు మూడు మీటర్లు కనిపించవు, పంపిన పల్స్ కిందే కప్పబడిపోతాయి. నాకొచ్చే కంప్లైంట్లలో ఎక్కువ బీఎన్‌సీ కనెక్టర్ (కెమెరా కేబుల్ కొసన ఉండే తిప్పి బిగించే ప్లగ్గు) దగ్గరివే, ఖర్మ! అందుకే 10 మీటర్ల మంచి ముక్క ఒకటి సంచిలో ఉంచుకుని మిషన్‌కీ కేబుల్‌కీ మధ్యలో కలుపుతాను. అదీ కెమెరా కేబుల్‌లాగే 75 ఓమ్‌ల ఇంపెడెన్స్‌దే కావాలి, లేకపోతే ఆ అతుకే ఫాల్టులా కనిపిస్తుంది.

నాకు మిల్లులు, గోడౌన్లు ఎక్కువ కాబట్టి గిట్టుబాటైంది. ఇళ్లలో 20 మీటర్ల వైర్లు లాగేవాళ్లకైతే రెండు కొసలకూ కొత్త కనెక్టర్ కొట్టి చూడటమే చవక. ల్యాన్ కేబుల్ మీద దీన్ని రెండుసార్లే వాడాను, ఆ సంగతి నన్నడగొద్దు.