జిడ్డు జుట్టు: ఏళ్ళ తరబడి వాడినవి, చివరికి మిగిలినవి

నా జుట్టు సన్నం, సాఫీ, పైగా మహా జిడ్డు. పొద్దున తలస్నానం చేసి బయల్దేరితే సాయంత్రానికల్లా పాపిడికి రెండు పక్కలా వెంట్రుకలు పాయలు పాయలుగా అతుక్కుపోతాయి. ఇలాంటి తలల కోసమని అమ్మే షాంపూలు, స్ప్రేలు, మాస్కులు, పొడులు కాలేజీ రోజుల నుంచి వాడుతూనే ఉన్నాను. అన్నిటికీ నేను పెట్టే పరీక్ష ఒక్కటే: రెండో రోజు పొద్దున అద్దంలో చూసుకుని అలాగే బయటికి వెళ్ళగలనా, లేదా? ఆ లెక్కన నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది ఏ సీసా కాదు, హెయిర్‌కట్. అయినా డబ్బూ టెన్షనూ ఎక్కువగా ఖర్చయ్యేది సీసాల మీదే కాబట్టి ముందు వాటి సంగతి.

"ఆయిల్ కంట్రోల్" అని పెద్ద అక్షరాలతో రాసుకున్న షాంపూలు దేన్నీ కంట్రోల్ చేయవు. జిడ్డు ఊరేది వెంట్రుక కుదురుని అంటిపెట్టుకుని చర్మం లోపల ఉండే గ్రంథుల్లో. వాటిని నడిపేవి ముఖ్యంగా ఆండ్రోజెన్ హార్మోన్లు. షాంపూ అప్పటికే పైకి వచ్చినదాన్ని కడుగుతుంది, దాని పని అంతవరకే. ఈ పేరుతో వచ్చేవాటిలో సాధారణంగా కనిపించే తేడా ఏమిటంటే, జుట్టుని మెత్తబరిచే పదార్థాలు తక్కువ, జిడ్డు వదిలించేవి ఎక్కువ. మనకు కావలసిందీ అదే, కాకపోతే మోతాదు ముఖ్యం. మరీ ఘాటైనవి వాడిన రోజుల్లో నా జుట్టు చివర్లు చీపురులా తయారయ్యాయి, కుదుళ్ళు మాత్రం సాయంత్రానికి యథాప్రకారం.

చాలా కాలంగా వదలకుండా వాడుతున్నది, జిడ్డు వదిలించే సోడియం లారెత్ సల్ఫేట్‌తో పాటు కోకామిడోప్రోపైల్ బీటైన్ కూడా ఉన్న, ద్రవం తేటగా కనిపించే మామూలు షాంపూ. రెండోది తోడుంటే మొదటిదాని ఘాటు చర్మానికి అంతగా తగలదు. చిక్కగా, తెల్లగా మెరుస్తూ "సిల్కీ స్మూత్" అని ఊరించేవాటిలో తరచుగా డైమెథికోన్ లాంటి సిలికాన్లు ఉంటాయి. ఒత్తయిన, పొడిబారిన జుట్టుకి అవి బాగుంటాయేమో గానీ నా తలకి తగిలితే జుట్టంతా నెత్తికి అణిగిపోతుంది. షాంపూ నేను నెత్తికే పెడతాను. గోళ్ళు తగలకుండా వేళ్ళ కొనలతో ఒక నిమిషం రుద్దితే చాలు, కడిగేటప్పుడు కిందికి జారే నురగే చివర్లకు సరిపోతుంది.

కండిషనర్ మానేయమని జిడ్డు జుట్టు వాళ్ళకి ప్రతి ఒక్కరూ చెప్తారు. నేను ఒప్పుకోను. కండిషనర్లో ధన విద్యుదావేశం ఉన్న పదార్థాలు ఉంటాయి, తడి వెంట్రుక మీద రుణావేశం ఉంటుంది. అందుకే ఎంత కడిగినా అవి కొంత అంటుకునే ఉంటాయి. ఆ అంటుకోవడం కుదుళ్ళ దగ్గర శాపం, చివర్ల దగ్గర వరం. చెవుల కింద నుంచి మాత్రమే రాస్తే ఏ ఇబ్బందీ లేదు. జుట్టు మరీ సన్నగా ఉంటే ముందు కండిషనర్ రాసి, ఆ తర్వాత షాంపూతో కడిగేసే తిరగేసిన పద్ధతి కూడా ఉంది. చివర్లు చిక్కుపడవు, బరువూ మిగలదు. దీనికి నా ఓటు గట్టిగా పడుతుంది.

ఇక అందరూ చెప్పే ఆ మాట: "రోజూ కడిగితే జిడ్డు ఇంకా ఎక్కువ ఊరుతుంది, మానేసి చూడు, తల అలవాటు పడుతుంది." నెలల తరబడి స్నానాల మధ్య ఎడం పెంచుకుంటూ పోయాను. తల అలవాటు పడలేదు, దురదా పొట్టూ మొదలయ్యాయి. ఆలోచిస్తే అర్థమయ్యేదే. పైన కడిగారో లేదో గ్రంథికి ఎవరు చెప్తారు? పైగా చుండ్రుకి కారణమయ్యే మలసీజియా అనే ఈస్ట్ బతికేదే ఈ జిడ్డు తిని. 2021లో ఆసియా జనాల మీద వచ్చిన ఒక అధ్యయనం వారానికి అయిదారు సార్లు కడిగేవాళ్ళే తమ తల పరిస్థితితో ఎక్కువ సంతృప్తిగా ఉన్నారని తేల్చింది. చేసినవాళ్ళలో షాంపూ కంపెనీ పరిశోధకులు ఉన్నారు కాబట్టి కాస్త అనుమానంగానే చదివాను, కానీ నా నెత్తి మాత్రం వాళ్ళతోనే ఏకీభవిస్తోంది. ఇప్పుడు జిడ్డు కనిపించిన రోజు కడిగేస్తాను. వారానికి ఇన్నిసార్లు అనే లెక్క పెట్టుకోను.

డ్రై షాంపూ పేరులోనే షాంపూ, అది కడిగేది ఏమీ లేదు. పిండి పదార్థమో సిలికా పొడో జిడ్డుని పీల్చుకుని అక్కడే కూర్చుంటుంది. అత్యవసరానికి బ్రహ్మాండం, వరసగా వాడితే నరకం. జిడ్డు పట్టాక పొద్దున హడావిడిగా కొట్టుకోవడం కంటే ముందు రోజు రాత్రే కుదుళ్ళకు పట్టించి పడుకుంటే ఫలితం చాలా మెరుగు, నల్లటి జుట్టు మీద తెల్లటి మరకలూ కనిపించవు. స్ప్రేలను డబ్బా నుంచి బయటికి నెట్టేవి బ్యూటేన్, ప్రొపేన్ లాంటి మండే వాయువులు. 2021, 2022 సంవత్సరాల్లో అమెరికాలో క్యాన్సర్ తెచ్చే బెంజీన్ అనే రసాయనం కనబడిందని కొన్ని స్ప్రేలను కంపెనీలే మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నాయి. అప్పటి నుంచి నేను పొడి డబ్బాకే మారాను. బంకమట్టి మాస్కులు శుభ్రం చేస్తాయి, షాంపూ చేసినంతే. వెనిగర్ నీళ్ళతో మెరుపు వస్తుంది, జిడ్డు పోదు.

ఇప్పుడు కత్తెర. నడుము దాకా జుట్టున్నప్పుడు దాని బరువే కుదుళ్ళను కిందికి లాగి నెత్తికి అదిమేది. నెత్తికి ఆనుకున్న కొద్దీ వెంట్రుక జిడ్డుని లాక్కుంటుంది. వంకీల జుట్టు వాళ్ళకి ఈ బాధ తక్కువ, మలుపుల్లో నూనె అంత తొందరగా కిందికి దిగదు. సాఫీ జుట్టుకి ఆ అడ్డు లేదు. అందుకని ముందు గడ్డం దాకా బాబ్ కట్ చేయించుకున్నాను. చూడటానికి చక్కగా ఉంది, కానీ రోజూ పొద్దున్నే డ్రయ్యర్ పట్టాల్సిందే. పడుకున్న తీరుని బట్టి ఒక పక్క లోపలికి, ఇంకో పక్క బయటికి తిరిగేది. ముడి వేద్దామంటే అందదు. నుదుటి మీదికి పడే బ్యాంగ్స్ అయితే ఇంకా అన్యాయం: నుదుటి జిడ్డు, నెత్తి జిడ్డు రెండూ వాటికే. అవి ఉన్నన్నాళ్ళూ వాష్ బేసిన్ దగ్గర వాటినొక్కటే కడుక్కునేదాన్ని, అదొక సరదా.

చివరికి నిలిచింది భుజం ఎముకల దాకా ఉండే కట్. కింద అంచు సమంగా, పై భాగంలో ఒకటి రెండు పొడవాటి లేయర్లు మాత్రమే. లేయర్లు ఎక్కువైతే సన్నటి జుట్టు చివర్లు పీలగా వేలాడతాయి. సెలూన్‌లో నేను ఒక్కటే చెప్తాను: "డ్రయ్యర్ లేకుండా ఆరితే ఎలా ఉంటుందో అలా కత్తిరించండి." వాళ్ళు అందంగా ఊది, చుట్టి పంపే జుట్టు మొదటి స్నానంతో పోతుంది, మనం బతకాల్సింది ఆ తర్వాతి దానితో. ఈ పొడవుకి పొద్దున పని చాలా తక్కువ. తడి జుట్టులో తెగే హైడ్రోజన్ బంధాలు ఆరేటప్పుడు, అప్పుడున్న ఆకారంలోనే మళ్ళీ కుదురుకుంటాయి. కాబట్టి తల కిందికి వంచి కుదుళ్ళు మాత్రం ఆరబెడితే ఆ ఎత్తు కొన్ని గంటలు నిలుస్తుంది. తడితో పడుకున్నామా, ఆ రోజుకి అంతే సంగతులు. పాపిడిని అప్పుడప్పుడూ ఇటు నుంచి అటు మార్చడం నాకు తెలిసిన పైసా ఖర్చు లేని చిట్కా. ఒక వైపు పడుకోవడానికి అలవాటు పడ్డ వెంట్రుకలు రెండో వైపు వేస్తే లేచి నిలబడతాయి.

రెండో రోజు మాత్రం జుట్టు వదలను. నున్నగా వెనక్కి దువ్వి కింద ముడి వేసేస్తాను, లేకపోతే చిన్న జడ. కొంచెం జిడ్డున్నప్పుడే ముడి జారకుండా నిలుస్తుంది, క్లిప్పులూ తక్కువ పడతాయి.

ఒక హెచ్చరిక. నెత్తి ఎర్రబడి, పసుపుపచ్చటి జిడ్డు పొలుసులు రాలుతుంటే అది కట్‌తో తీరేది కాదు. ఆ ఈస్ట్‌ని అణిచే మందున్న కీటోకొనజోల్ షాంపూ లాంటిది అవసరమవుతుంది, దాన్ని రాసిన వెంటనే కడగకుండా కొన్ని నిమిషాలు ఉంచాలి. జిడ్డు ఉన్నట్టుండి పెరిగి, నెలసరి తప్పడమో ముఖం మీద రోమాలు రావడమో కూడా ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

ఈ కట్‌కున్న లోపం ఒక్కటే. జుట్టు నెలకి దాదాపు సెంటీమీటరు పెరుగుతుంది, రెండు మూడు నెలలకి బరువెక్కి మళ్ళీ నెత్తికి అణగడం మొదలవుతుంది. సెలూన్‌కి తరచుగా పోవడం ఇష్టం లేనివాళ్ళకి ఇది విసుగే. నేనైతే షాంపూల మీద పెట్టే డబ్బు తగ్గించి అటు మళ్ళించాను.