ముంగిసకు వంతెన కావాలా, తూము చాలా?

విశాఖలో హనుమంతవాక దాటి ఎండాడ వైపు వెళ్తుంటే ఎడమ పక్క కంబాలకొండ అడవి, కుడి పక్క జూ, ఇంకాస్త అవతల సముద్రం. మధ్యలో 16వ నంబరు జాతీయ రహదారి. పొద్దున్నే ఆ దారిన బండి మీద వెళ్తే తారుకు అతుక్కుపోయిన ముంగిసో, జెర్రిపోతో కనిపించడం నాకు అలవాటైపోయింది. మా అపార్ట్‌మెంట్‌లో ఈ మాట వస్తే ఒకాయన విదేశాల్లోలాగా జంతువులు దాటడానికి రోడ్డు పైన చెట్లతో పచ్చని వంతెన కట్టాలంటారు. ఇంకొకాయన నాలుగు స్పీడ్ బ్రేకర్లు వేస్తే సరిపోతుందంటారు. రాత్రిళ్లు రోడ్డు మూసెయ్యాలని మూడో ఆయన పట్టు. నా ఓటు మాత్రం వాన నీరు పోవడానికి ఇప్పటికే రోడ్డు కింద ఉన్న తూములకు.

స్పీడ్ బ్రేకర్ల మాట ముందే తేల్చేద్దాం. జాతీయ రహదారి మీద అవి వేయకూడదన్నది కేంద్ర రోడ్డు రవాణా శాఖ విధానం. కాలనీ రోడ్డుకో, ఘాట్ రోడ్డుకో అయితే మంచివే. కానీ పాము వచ్చేది ఎండ దిగాక ఆ తారు వెచ్చదనానికి. అది అక్కడే పడుకుని ఉంటే మనం ముప్పై స్పీడులో వెళ్లినా చూడం. ఇక ‘జంతువులు దాటే చోటు’ అనే పసుపు బోర్డును మూడో రోజు నుంచి ఎవరూ పట్టించుకోరు.

రాత్రిళ్లు గేటు వేసి రోడ్డు మూయడం అలా కాదు, నిజంగా పనిచేస్తుంది. దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లేవాళ్లకు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అడవి దారి మూసేస్తారని తెలిసిందే. కర్ణాటకలో బండీపుర్ మీదుగా కేరళ వెళ్లే రోడ్డుకూ 2009 నుంచి అవే వేళలు, దాన్ని 2010లో అక్కడి హైకోర్టు సమర్థించింది కూడా. కట్టేదేమీ లేదు, ఇద్దరు కాపలా మనుషులుంటే చాలు. అయితే బండీపుర్‌కు చుట్టుదారి ఉంది, శ్రీశైలానికి తెల్లారాక బయల్దేరినా నష్టం లేదు. ఆసుపత్రులూ కాలేజీలూ విమానాశ్రయం దారీ అన్నీ ముడిపడిన ఊరి రోడ్డును రాత్రి ఎలా మూస్తాం? మా మూడో ఆయనే పదిన్నరకు డ్యూటీ దిగి ఈ దారిన ఇంటికొస్తారు!

ఇక పచ్చని వంతెన. సింగపూర్‌లో 2013లో ఆరు లేన్ల ఎక్స్‌ప్రెస్‌వే మీద 62 మీటర్ల పొడుగున ఒకటి కట్టారు. మట్టి పోసి చెట్లు పెంచారు, రోడ్డు చీల్చిన రెండు అడవులను మళ్లీ కలిపారు. ముచ్చటైనదే, కాదనను. కానీ వంతెన ఒక చోటే ఉంటుంది. కిలోమీటరు అవతల ఉన్న ముంగిస అక్కడిదాకా నడిచివచ్చి దాటదు, ఉన్నచోటే దాటేస్తుంది. కెనడాలోని బాన్ఫ్ జాతీయ పార్కులో పై వంతెనలూ కింది దారులూ రెండూ ఉన్నాయి. గ్రిజ్లీ ఎలుగులూ జింకలూ విశాలంగా ఎత్తుగా ఉన్నవాటిని ఎంచుకుంటే, నల్ల ఎలుగులూ కూగర్లనే పెద్ద అడవి పిల్లులూ ఇరుగ్గా చీకటిగా ఉన్న సొరంగాలనే ఇష్టపడ్డాయి. అందుకే ఏది మేలు అని ఎవరైనా అడిగితే, ఎవరికి అని ఎదురు ప్రశ్న వేయాల్సి వస్తుంది. అక్కడ ప్రమాదాలు 80 శాతానికి పైగా తగ్గడానికి వంతెనలతో సమానంగా పనిచేసింది రోడ్డు వెంట వేసిన కంచె. కంచె లేని వంతెన అలంకారమే. పోనీ అరకిలోమీటరు కంచెతో సరిపెడదామంటే, జంతువులు దాని చివరి దాకా వచ్చి అక్కడే రోడ్డెక్కుతాయి.

కింది దారులకు మన దేశంలో పెద్ద ఉదాహరణ పెంచ్. ఆదిలాబాద్, హైదరాబాద్, కర్నూలు మీదుగా పోయే 44వ నంబరు రహదారే నాగపూర్ దాటాక ఆ పులుల అడవిలోంచి వెళ్తుంది. అక్కడ 9 చోట్ల రోడ్డునే పైకి లేపి కింద అడవిని వదిలేశారు. వాటిలో పొట్టిది 50 మీటర్లు, పొడుగుది 750 మీటర్లు. 2019లో కెమెరాలు పెట్టి చూస్తే 18 జాతుల జంతువులు వాడుతున్నాయి, పులులే 89 సార్లు దాటాయి. కొత్తగా వేసే రోడ్డుకు ఇంతకన్నా మంచి మార్గం నాకు తెలీదు. ఎప్పుడో వేసేసిన రోడ్డును మళ్లీ లేపడమంటే మాత్రం ఇల్లు కట్టాక పునాది మార్చినట్టే.

అందుకే తూముల దగ్గరికి వస్తున్నా. కొండ వాలున వేసిన ఏ రోడ్డు కిందైనా వాన నీటికి కల్వర్టులు తప్పవు. ముంగిస, పునుగుపిల్లి, ఉడుము, నక్క లాంటివి దూరడానికి అవి సరిపోతాయి. సగం తూములు ప్లాస్టిక్‌తో, కట్టడాల చెత్తతో పూడిపోవడమే చిక్కు. మిగతావాటిలో నీరు నిలిచి నడిచే జాగా ఉండదు. పూడిక తీసి, లోపల ఒక పక్కగా జానెడు వెడల్పున ఎత్తు గట్టు కడితే నీళ్లున్న రోజూ పొడి దారి దొరుకుతుంది. ఆ మూతి దగ్గర రెండు వైపులా చిన్న కళ్ల మెష్‌ని నేలలోకి కాస్త పాతిపెడితే జంతువు రోడ్డెక్కకుండా తూము వైపు తిరుగుతుంది. చుక్కల దుప్పికి ఇది పనికిరాదని ఒప్పుకుంటా.

చెట్ల మీద బతికేవాటికి వీటిలో ఏదీ అక్కరకు రాదు. శేషాచలం అడవుల్లో ఉండే దేవాంగపిల్లికి దూకడం చేతకాదు. రోడ్డు మీద కొమ్మలు కలవకపోతే దానికి దారి తెగినట్టే, దిగి నడవాల్సిందే. తమిళనాడులో వాల్పారై దగ్గర సింహపుతోక కోతులు రోడ్డుకు అడ్డంగా కట్టిన వేలాడే వంతెనల మీద దాటుతున్నాయి. మన ఘాట్ రోడ్ల మీది మామూలు కోతులకైతే తాడూ వద్దు, వంతెనా వద్దు. కారు ఆపి అరటిపండ్లు విసరడం మానేస్తే చాలు, రోడ్డు మీదికి వాటిని పిలిచేది మనమే.

డివైడర్ సంగతి ఎవరూ అడగరు. సందు లేని కాంక్రీటు గోడ అది. సగం రోడ్డు దాటిన చిన్న జంతువు దాన్ని ఎక్కలేక తిరుగుముఖం పడుతుంది, అంటే అవే చక్రాల కిందికి రెండోసారి. అడుగున అక్కడక్కడా జానెడు కన్నం వదిలితే తప్పిపోయేదానికి ఇంత నష్టం.

ఏ తూముతో మొదలుపెట్టాలో తెలుసుకోవడానికి పెద్ద సర్వే అక్కర్లేదు. సాయంత్రం తూము మూతి దగ్గర జల్లించిన ఇసుక పలచగా పరిచి, పొద్దున్నే వెళ్లి అడుగుజాడలు చూడటమే.